తడిసిన ల్యాప్‌టాప్‌లో తడవనిది

రియో డి జెనీరో నుంచి పారిస్‌కు బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం 2009 జూన్ 1న అట్లాంటిక్ మహాసముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న 228 మందీ చనిపోయారు. ఎందుకు కూలిందో చెప్పగలిగిన రెండు రికార్డర్లు దాదాపు 3,900 మీటర్ల లోతున, సముద్రం అడుగున పడిపోయాయి. వాటిని పైకి తీసేసరికి 2011 మే నెల వచ్చింది. దాదాపు రెండేళ్లపాటు ఉప్పునీటిలో, విపరీతమైన ఒత్తిడి కింద నానిన పరికరాలవి. పారిస్ పక్కనున్న లే బూర్జేలో ఫ్రెంచి దర్యాప్తు సంస్థ ఇంజినీర్లు వాటిని విప్పి, మెమరీ ఉన్న కార్డులను కడిగి, ఆరబెట్టి, చదివారు. విమానం నడక తాలూకు కొలతలన్నీ దొరికాయి. కాక్‌పిట్‌లో చివరి రెండు గంటలు వినిపించిన మాటలూ పూర్తిగా దొరికాయి.

టీ ఒలికిన ల్యాప్‌టాప్ పట్టుకుని, అందులో మూడేళ్ల పరిశోధన ఉందనో, చనిపోయిన నాన్న ఫొటోలు ఉన్నాయనో కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకు నేను మొదట చెప్పాలనుకునేది ఈ సంగతే. రెండేళ్లు సముద్రంలో ఉన్న మెమరీ చెక్కుచెదరలేదు. మరి అరకప్పు టీకి ల్యాప్‌టాప్ పది నిమిషాల్లో ఎందుకు చచ్చిపోతుంది? ఆ రెంటికీ మధ్య తేడా ఎక్కడుందో తెలిస్తే ఒలికిన మొదటి నిమిషంలో ఏం చేయాలో, ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో అన్నీ తెలిసిపోతాయి.

ముందు డేటా ఉండే చోటు చూద్దాం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఫ్లాష్ మెమరీతో నడిచేవే. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ప్రపంచానికి చూపించిన మెమరీ ఇది. ఇందులో ఒక్కో బిట్టు అంటే గుప్పెడు ఎలక్ట్రాన్లు. సిలికాన్ మీద అతి సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. దాని మీద ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉండే పొర, ఆపైన మళ్లీ కరెంటును పారనివ్వని ఇంకో పొర. ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా చిప్ తనలో తానే పదిహేను నుంచి ఇరవై వోల్టులు పుట్టించుకుని వాటిని నెట్టాలి. బయటి కరెంటు పోయినంత మాత్రాన అవి కదలవు. ఈ సిలికాన్ ముక్క అంతటినీ నల్లటి ఎపాక్సీలో పోతపోసి మూసేస్తారు. మనం చిప్ అని చూసేది ఆ నల్ల దిమ్మనే. టీ గానీ వరదనీరు గానీ ఆ దిమ్మ లోపలికి చేరడం చాలా అరుదు.

తడిసేవి చిప్ కాళ్లు. చిప్‌ను బోర్డుకి అంటించే సన్నని టంకం గుండ్లు, బోర్డు మీద రాగి గీతలు, చుట్టూ ఆవగింజకన్నా చిన్న కెపాసిటర్లు. చచ్చిపోయేవి అవే. అవి పోతే మెమరీకి కరెంటు అందదు. లోపలున్న మాట లోపలే ఉంటుంది, చెప్పడానికి దారి ఉండదు.

నీరు, దానిలో పారే కరెంటు

స్వచ్ఛమైన నీరు కరెంటును దాదాపు పారనివ్వదు. సముద్రపు నీటి విద్యుత్ వాహకత దానికి సుమారు తొమ్మిది లక్షల రెట్లు. తేడా అంతా నీళ్లలో కరిగిన అయాన్లది. మన ఇళ్లలో ల్యాప్‌టాప్ మీద పడేవి చూడండి. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. టీలో పాలు, పంచదార. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. కోలా పానీయాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం. మజ్జిగ అన్నిటికన్నా గడ్డుది, అందులో ఉప్పూ ఉంటుంది, లాక్టిక్ ఆమ్లమూ ఉంటుంది.

ఇలాంటి ద్రవం రెండు లోహపు కాళ్ల మధ్య నిలిచి, ఆ రెంటికీ మధ్య వోల్టేజి ఉంటే అక్కడ జరిగేది పదో తరగతి పాఠంలో చదువుకున్న విద్యుద్విశ్లేషణే. ఆనోడ్ వైపున్న రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, అయాన్‌గా మారి నీళ్లలోకి దిగిపోతుంది. కాథోడ్ వైపు చేరి మళ్లీ లోహంగా పేరుకుంటుంది. పేరుకోవడం సమంగా జరగదు. ఏ మొన కాస్త ముందుకు పొడుచుకు వచ్చిందో దాని దగ్గరే విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది కాబట్టి తర్వాతి అయాన్లు అక్కడికే చేరతాయి. అలా లోహం కొమ్మలు వేసుకుంటూ అవతలి కాలి వైపు పెరుగుతుంది. వీటిని డెండ్రైట్లు అంటారు. ల్యాప్‌టాప్ కనెక్టర్లలో ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య దూరం అర మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ కూడా. ఆ కొమ్మ అవతలి కాలిని తాకిన క్షణం షార్ట్.

ఎంత వేగంగా జరుగుతుందో లెక్క వేస్తే గుండె ఝల్లుమంటుంది. ఒక మిల్లీఆంపియరు చాలా చిన్న కరెంటు, చిన్న సూచిక ఎల్‌ఈడీ తీసుకునే దానిలో ఇరవయ్యో వంతు. ఆ కరెంటంతా రాగిని కరిగించడానికే పోయిందనుకుంటే, ఫారడే సూత్రం ప్రకారం గంటకు దాదాపు 1.2 మిల్లీగ్రాముల రాగి కరుగుతుంది. బోర్డు మీద 0.1 మిల్లీమీటరు వెడల్పు, 35 మైక్రాన్ల మందం ఉన్న రాగి గీతను తీసుకుంటే, ఒక సెంటీమీటరు పొడవు గీత బరువు 0.3 మిల్లీగ్రాములే. అంటే ఒక్క గంటలో అలాంటి గీత దాదాపు నాలుగు సెంటీమీటర్ల మేర మాయమైపోవచ్చు. నిజంలో కొంత కరెంటు నీళ్లను విడగొట్టి బుడగలు పుట్టించడానికి ఖర్చవుతుంది కాబట్టి నష్టం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా ఈ గీతలో ఒక్కచోట, వెంట్రుక మందం మేర తెగినా చాలు, దాని పని అయిపోయినట్టే.

అదే టీ, వోల్టేజి లేని బోర్డు మీద పడితే? తుప్పు అప్పుడూ పడుతుంది, కానీ రోజులు, వారాలు తీసుకుంటుంది. విమానం రికార్డర్లలోని మెమరీకి కరెంటు నీళ్లలో పడుతూనే తెగిపోయింది. బల్ల మీద ఉన్న ల్యాప్‌టాప్‌కు తెగలేదు. డేటాను చంపేది నీళ్లు కాదు, నీళ్లలో పారే కరెంటు. ఈ వ్యాసంలో పాఠకులు గుర్తుంచుకోవలసిన వాక్యం ఒక్కటే అయితే ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. పవర్ బటన్ నొక్కి ఆపేస్తే స్క్రీన్ ఆరిపోతుంది గానీ బోర్డు ఆరిపోదు. మూత తెరవగానే, బటన్ నొక్కగానే స్పందించడానికి బోర్డులో కొన్ని దారులు ఎప్పుడూ మేల్కొనే ఉంటాయి. బ్యాటరీ వోల్టేజి పది, పన్నెండు వోల్టులు ఒకచోట, 3.3 వోల్టులు ఇంకోచోట ఇరవైనాలుగు గంటలూ ఉంటాయి. ఛార్జర్ పెట్టి ఉంటే ఆ 19 లేదా 20 వోల్టులు కూడా తోడవుతాయి. ల్యాప్‌టాప్ ఆపేశాను కాబట్టి ఫర్వాలేదని రాత్రంతా వదిలేస్తే రాత్రంతా విద్యుద్విశ్లేషణ నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఒలికిన క్షణంలో వరస ఇది. ముందు ఛార్జర్ పీకేయాలి, చేతులు తడిగా ఉంటే గోడ దగ్గరి స్విచ్ ఆపాలి. ఫైల్ సేవ్ చేద్దామని ఆగకుండా, పవర్ బటన్‌ను స్క్రీన్ ఆరిపోయేదాకా నొక్కిపట్టాలి. పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేసి, ల్యాప్‌టాప్‌ను తెరిచినట్టే ఉంచి, కీబోర్డు కిందివైపు ఉండేలా బోర్లించాలి. కీబోర్డు మీద పడిన ద్రవం కిందనున్న మదర్‌బోర్డుకి చేరడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయాన్ని వాడుకోవాలి. తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన పని, వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసినవాళ్లు ఇంట్లోనే చేయవచ్చు. రానివాళ్లు ఆ పూటే దగ్గర్లోని రిపేరు షాపుకి వెళ్లి, వేరే ఏమీ చేయకుండా ముందు బ్యాటరీ తీసేయమని అడగాలి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే గుచ్చకండి, వంచకండి.

బియ్యం డబ్బాలో పెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అందరికీ మొదట గుర్తొచ్చేది అదే. బియ్యం చుట్టుపక్కల గాలిలోని తేమను కొంచెం పీల్చవచ్చు గానీ చిప్ కింద, షీల్డు రేకు కింద ఇరుక్కున్న టీని లాగలేదు. ఒకవేళ నీరంతా ఆవిరైపోయినా పంచదార, లవణాలు అక్కడే మిగులుతాయి. పంచదార గాలిలో తేమను మళ్లీ పీల్చుకుంటుంది. వానాకాలంలో ఆ బోర్డు ఎన్నిసార్లయినా మళ్లీ తడుస్తుంది. ఫోన్లను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థే 2024లో తన సూచనల్లో రాసింది, బియ్యపు నూక లోపలికి పోయి పాడుచేస్తుందని. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఇంకా ప్రమాదం. ఆ గాలి విసురుకి తడి లేని చోటికి కూడా నీళ్లు చేరతాయి.

అన్నిటికన్నా ఎక్కువ డేటాను పోగొట్టేది మాత్రం, ఒకసారి ఆన్ చేసి చూద్దామనే ఆత్రం. రెండు రోజులు ఆరబెట్టాక ఆన్ అవుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని రోజులు పనిచేస్తుంది, ఒక ఉదయం ఛార్జింగ్ ఎక్కదు, మర్నాడు అసలు లేవదు. ఆ కొన్ని రోజులూ లోపల చిలుము పెరుగుతూనే ఉంది, ప్రతి గంటా కరెంటు దానికి సాయం చేస్తూనే ఉంది. తడిసిన మెషిన్ ఇంకా నడుస్తోంది కదా, ఈలోగా ఫైళ్లు కాపీ చేసుకుందామా అని చాలామంది అడుగుతారు. వద్దనే నా మాట. కాపీకి పట్టే ఆ అరగంట పందెంలో గెలవవచ్చు, ఓడవచ్చు. ఓడితే పోయేది ఒక కెపాసిటరో, మెమరీ చిప్పో ఎవరూ ముందుగా చెప్పలేరు.

డిస్కు ఏ రకం?

ఇక తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమన్నది డేటా దేనిలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎమ్.2 రకం ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే పని చాలా తేలిక. 22 మిల్లీమీటర్ల వెడల్పు, ఎక్కువగా 80 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఆ కార్డు ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. మదర్‌బోర్డు పూర్తిగా మాడిపోయినా కార్డును తీసి, ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరాక యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కి కలిపితే ఫైళ్లు కనిపించవచ్చు. ఆ డబ్బా కొనే ముందు కార్డు ఎన్‌వీఎమ్‌ఈ రకమా, సాటా రకమా చూసుకోవాలి, ఒకదాని డబ్బాలో ఇంకోటి పనిచేయకపోవచ్చు. తాళం సంగతి ఒకటి మిగిలి ఉంటుంది. అది తర్వాత చెబుతాను.

పాత ల్యాప్‌టాప్‌లలోని తిరిగే హార్డ్‌డిస్కులు వేరే జాతి. వాటిలో అద్దంలా మెరిసే పళ్లేల మీద అయస్కాంతపు గుర్తులుగా డేటా ఉంటుంది. నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే ఆ పళ్లేనికి, దాన్ని చదివే తలకు మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మామూలు హార్డ్‌డిస్కు పెట్టెకు గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, మునిగితే నీళ్లు అందులోంచి లోపలికి వెళ్లగలవు. నీరు ఆరిపోయి లవణపు మరక పళ్లెం మీద మిగిలిపోతే, ఆన్ చేసిన మరుక్షణం తల ఆ మరకను ఢీకొని అయస్కాంతపు పొరను గీరేస్తుంది. గీరిన డేటాను ప్రపంచంలో ఎవరూ తిరిగి తేలేరు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఒక మాట గట్టిగా చెబుతారు. వరదలో మునిగిన హార్డ్‌డిస్కును మీరు ఆరబెట్టకండి, తేమ పోకుండా కవర్లో మూసి అలాగే తీసుకురండి. సముద్రంలో దొరికిన విమాన రికార్డర్లను ప్రయోగశాలకు చేరేదాకా నీళ్లలోనే ఉంచి తెస్తారు, కారణం ఒకటే.

డేటా ఉన్న చోట పళ్లేలు గీరుకుపోకుండా ఉంటే వాటిలోని డేటా ఎంత మొండిదో చెప్పడానికి కొలంబియా వ్యోమనౌక ఉదంతం చాలు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములను బలితీసుకున్న ఆ ప్రమాదంలో, జీనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం తాలూకు హార్డ్‌డిస్కు కూడా భూమ్మీద పడింది. కొన్ని నెలల తర్వాత టెక్సాస్‌లో దొరికేసరికి అది గుర్తుపట్టలేనంతగా మాడిన లోహపు ముద్ద. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు పళ్లేలను విడదీసి, రసాయనాలతో శుభ్రం చేసి, కొత్త పెట్టెలో అమర్చి, దాదాపు 99 శాతం డేటాను తీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ఫిజికల్ రివ్యూ ఈ పత్రికలో అచ్చయ్యాయి. ఆ డిస్కు సగమే నిండి ఉంది, పళ్లేలు దెబ్బతిన్న చోట డేటా లేకపోవడమే దాన్ని కాపాడింది.

మూడో రకం ఇవాళ ఎక్కువైపోతున్నది. పలచటి ల్యాప్‌టాప్‌లలో మెమరీ చిప్‌లను నేరుగా మదర్‌బోర్డుకే టంకం పెట్టేస్తున్నారు. తీసి వేరేచోట పెట్టడానికి కార్డు లేదు. డేటా కావాలంటే బోర్డునే బతికించాలి.

బల్ల మీద

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జనం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. చెన్నైలో రిచీ స్ట్రీట్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఉన్నాయి. ఇలాంటి చోట్ల ‘చిప్ లెవెల్ సర్వీస్’ అని రాసి ఉన్న దుకాణాల్లో జరిగే పని మీద నాకు గౌరవం. మైక్రోస్కోపు కింద తల వంచి, కంటికి ఆనని భాగాన్ని పట్టకారుతో పట్టుకుని, వేడి గాలితో టంకం కరిగించే నేర్పు ఏ కాలేజీలోనూ పూర్తిగా రాదు.

మంచి మెకానిక్ మొదట కరెంటు ఇవ్వడు. బోర్డు బయటికి తీసి, షీల్డు రేకులు ఎత్తి, మైక్రోస్కోపు కింద అంగుళం అంగుళం చూస్తాడు. పచ్చటి చిలుము, తెల్లటి పొడి, నల్లగా మాడిన కాళ్లు, టీ తాలూకు గోధుమరంగు జిగురు ద్రవం ఎటు ప్రవహించిందో చెబుతాయి. తర్వాత కడగడం. తడిసినదాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేమిటని అనిపించవచ్చు. చాలామంది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్కటే చాలనుకుంటారు. కానీ ఉప్పూ పంచదారా ఆల్కహాల్‌లో సరిగా కరగవు, నీళ్లలోనే కరుగుతాయి. అందుకని ముందు స్వేదనజలం లేదా దానికి తగిన క్లీనింగ్ ద్రావణం పోసిన అల్ట్రాసోనిక్ తొట్టిలో బోర్డును ముంచుతారు. సెకనుకు 40 వేలసార్లు కంపించే ఆ ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ, బ్రష్ చేరలేని చిప్ అడుగుభాగాన్ని కూడా రాపాడతాయి. బ్యాటరీని, స్పీకర్లను, స్క్రీన్‌ను ఈ తొట్టిలో వేయరు. తర్వాత ఆల్కహాల్ పని మొదలవుతుంది. దాని తలతన్యత నీటి తలతన్యతలో మూడో వంతు కన్నా తక్కువ, కాబట్టి నీరు ఇరుక్కున్న సందుల్లోకి దూరి, నీటిలో కలిసిపోయి, దాన్ని బయటికి తెస్తుంది, తను త్వరగా ఆవిరైపోతుంది.

కడిగి ఆరాక మల్టీమీటర్ పట్టుకుని ఒక్కో సరఫరా దారిని కొలుస్తారు. బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన దారి, దానిలోంచి 5 వోల్టులు, 3.3 వోల్టులు, చివరికి ప్రాసెసర్‌కు వెళ్లే ఒక వోల్టు. ఏ దారి భూమికి షార్ట్ అయిందో తెలుస్తుంది గానీ ఆ దారి మీద పదుల కొద్దీ కెపాసిటర్లు ఉంటాయి, ఏది పోయిందో ఎలా తెలుస్తుంది? ఇక్కడ వాడే ఉపాయం నాకు ఎంతో ఇష్టం. బయటి సప్లై నుంచి ఆ దారిలోకి, అది మామూలుగా తట్టుకునే వోల్టేజి కన్నా తక్కువ, ఒక వోల్టు పంపుతారు. కరెంటంతా షార్ట్ అయిన చోటికే పరుగెత్తుతుంది, అక్కడ వేడి పుడుతుంది. థర్మల్ కెమెరాలో ఆ ఒక్క చుక్క వెలిగిపోతుంది. కెమెరా లేకపోతే బోర్డు మీద ఆల్కహాల్ రాసి చూస్తారు, అది మొదట ఎక్కడ ఆరిపోతే అక్కడే తప్పుంది. ఆ కెపాసిటర్‌ను వేడి గాలితో తీసేస్తే చాలా సందర్భాల్లో బోర్డు లేచి కూర్చుంటుంది. పక్కన అలాంటివే ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఒకటి లేకపోయినా కొంతకాలం నడుస్తుంది. తుప్పుకి తెగిన రాగి గీత స్థానంలో వెంట్రుకంత సన్నని ఎనామిల్ తీగ వేస్తారు.

పెద్ద భయం ఒకటుంది. పన్నెండు వోల్టులను ఒక వోల్టుగా, మూడు వోల్టులుగా తగ్గించే మాస్ఫెట్ అనే స్విచ్ అడ్డంగా షార్ట్ అయితే ఆ పన్నెండూ తగ్గకుండా నేరుగా ప్రాసెసర్‌లోకో, మెమరీ చిప్‌లోకో వెళ్లిపోతాయి. ఎపాక్సీ దిమ్మ టీని ఆపగలదు గానీ ఈ దెబ్బను ఆపలేదు. డేటా నిజంగా చచ్చిపోయే సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. ఛార్జర్ పెట్టి ఒకసారి చూద్దామనుకోవడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

డేటా కోసం చేసే పనికీ, మెషిన్ బాగుచేయడానికీ తేడా ఉంది. కీబోర్డు, కెమెరా, స్పీకరు, వైఫై ఏదీ అవసరం లేదు. బోర్డు కొన్ని గంటలు నిలబడి, ఒక్క పోర్టు పనిచేసి, మెమరీలో ఉన్నది వేరే డిస్కులోకి ప్రవహిస్తే చాలు. ఆ తర్వాత బోర్డు పోయినా ఫర్వాలేదు. ఆ కొన్ని గంటల్లోనూ ఫోల్డర్లు తెరిచి ఫొటోలు చూస్తూ కూర్చోకూడదు. ముందు డిస్కు మొత్తానికి నకలు తీస్తారు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఇందుకు పెట్టింది పేరు. అది సులువుగా చదవగలిగిన భాగాలన్నీ మొదట చదివేసుకుంటుంది, మొరాయించే చోట ఆగిపోకుండా దాటేస్తుంది, ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక ఫైల్లో రాసుకుని చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ ఆగిన చోటునుంచే మొదలుపెడుతుంది. మిగతా వెతుకులాట అంతా ఆ నకలు మీదే.

తాళం

ఇంతవరకు చెప్పింది చదివి, బోర్డు బతకకపోతే మెమరీ చిప్‌లను ఊడదీసి వేరే యంత్రంలో పెట్టి చదవవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. ఒకప్పుడు ఆ దారి ఉండేది. టంకం పెట్టిన మెమరీ ఉన్న 2016, 2017 మాక్‌బుక్ ప్రో బోర్డుల మీద, బోర్డు చచ్చినా డేటా లాగడానికి ఆపిల్ ఒక చిన్న కనెక్టర్ కూడా పెట్టింది. 2018 మోడళ్లలో ఆ కనెక్టర్ పోయింది. దాని బదులు టీ2 అనే చిప్ వచ్చింది.

టీ2 చేసే పని ఇది. ప్రాసెసర్ రాసే ప్రతి అక్షరాన్నీ గుప్తలిపిలోకి మార్చి మెమరీలో పెడుతుంది, చదివేటప్పుడు విప్పుతుంది. విప్పే తాళంచెవికి మూలమైన సంఖ్యను తయారీలోనే చిప్ సిలికాన్‌లో ముద్రిస్తారు. ఒక్కో చిప్‌కూ ఒక్కో సంఖ్య, దాన్ని బయటికి చదివే మార్గమే ఉండదు. 2020 నవంబరులో వచ్చిన ఎమ్1 మాక్‌లలో ఈ పనంతా ప్రధాన చిప్ లోపలికే చేరింది. ఫలితంగా మెమరీ చిప్‌లను ఎంత జాగ్రత్తగా ఊడదీసి చదివినా దొరికేది అర్థంలేని అంకెల గుట్ట. టీ ఒక్క బొట్టు కూడా తగలని చిప్‌లో డేటా పదిలంగా ఉంటుంది, ప్రధాన చిప్ చచ్చిపోతే ఆ పదిలంగా ఉన్నది ఎవరికీ అందదు. అది బతికి ఉండి, చుట్టూ ఉన్న బోర్డు మాత్రమే పాడైతే, ప్రధాన చిప్‌ను, మెమరీ చిప్‌లను కలిపి ఊడదీసి అదే మోడల్ మంచి బోర్డు మీద తిరిగి అంటించే నిపుణులు ఉన్నారు. అత్యంత సున్నితమైన పని, ఖర్చూ ఎక్కువే.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ తీరు కొంచెం వేరు. తాళంచెవి టీపీఎమ్ అనే భద్రతా భాగంలో ఉంటుంది, అది తరచు ప్రాసెసర్ లోపలో, మదర్‌బోర్డు మీదో ఉంటుంది. ఎమ్.2 కార్డును తీసి వేరే కంప్యూటర్‌కి కలిపినా, సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చినా తెర మీద 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని అడుగుతుంది. చాలామందికి తమ డిస్కుకి తాళం ఉందని అప్పటిదాకా తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తనే పడుతోంది, 2024లో వచ్చిన విండోస్ 11 రూపం నుంచి ఇంకా ఎక్కువ మెషిన్లలో.

దొంగ చేతిలో పడ్డ ల్యాప్‌టాప్ నుంచి మన బ్యాంకు కాగితాలు, ఇంటి ఫొటోలు బయటపడకుండా ఆపేది ఈ తాళమే. దాన్ని తీసేయమని నేను చెప్పను. అయితే దొంగకూ, చిలుము పట్టిన బోర్డు మీద వంగి కూర్చున్న మెకానిక్‌కూ తేడా ఆ తాళానికి తెలియదు. కంపెనీలు కొనేవాళ్లకు ఈ విషయం పెట్టె మీదే పెద్ద అక్షరాలతో చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

వరద, షాపు, కాగితం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన ల్యాప్‌టాప్‌లు చూడటానికి టీ పడినవాటికన్నా భయంకరంగా ఉంటాయి, బురద, మురుగు, వాసన. అయినా బీరువా అడుగున బ్యాటరీ పూర్తిగా అయిపోయి పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే, వీడియో కాల్ మధ్యలో కాఫీ పడిన కొత్తదానికన్నా దాని డేటాకే ఎక్కువ ఆశ ఉంటుంది. లోపల వోల్టేజి లేదు. బురదను చూసి పారేయకండి. అలాగని ఇంట్లో ఛార్జర్ పెట్టి చూడకండి, నీళ్లు తాగిన లిథియం బ్యాటరీ అంటుకోగలదు.

ఎక్కడికి తీసుకెళ్లినా మొదటి మాటగా చెప్పాల్సింది, నాకు మెషిన్ కాదు, డేటా కావాలి అని. కంపెనీ సర్వీస్ సెంటర్లలో బోర్డు బాగుచేయడం కన్నా మార్చడమే మామూలు. టంకం పెట్టిన మెమరీ అయితే పాత బోర్డుతో పాటే మీ డేటా వెళ్లిపోతుంది. డేటాకు బాధ్యత మాది కాదని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు పాత బోర్డు తిరిగి ఇస్తారా అని అడగండి. లోపల నీరు తగిలితే తెలుపు నుంచి ఎరుపుకి మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఏం పడిందో దాచిపెట్టడం వల్ల లాభం లేదు, పైగా మజ్జిగా, మంచినీళ్లా అన్నది తెలిస్తే కడిగే పద్ధతి మారుతుంది. ఎంతసేపు ఆన్‌లో ఉందో, తర్వాత ఎన్నిసార్లు ఛార్జర్ పెట్టారో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. విండోస్ మళ్లీ ఎక్కిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది పాత డేటా మీద కొత్తది రాయడమే.

మీ ల్యాప్‌టాప్ ఇంకా పొడిగానే ఉంటే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి మీ పరికరాల జాబితా కింద రికవరీ కీ ఉందో లేదో చూడండి. ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచీలో కాకుండా వేరే చోట పెట్టండి. బోర్డు మాడినా, ఎమ్.2 కార్డు బాగుంటే ఆ కాగితమే డిస్కును తెరుస్తుంది. టీ2 చిప్, ఎమ్ శ్రేణి చిప్‌లున్న మాక్‌ల విషయంలో అలాంటి కాగితం ఉన్నా చాలదు. మాక్ డిస్కు తాళమైన ఫైల్‌వాల్ట్ రికవరీ కీ పనిచేయాలన్నా అదే చిప్ బతికి ఉండాలి. ఆ చిప్ పోతే, ముందే మాక్‌లోని టైమ్ మెషిన్‌తో బయటి డిస్కు మీదో, వేరే చోటో తీసి పెట్టుకున్న నకలు తప్ప వేరే దారి లేదు, తీశాక ఆ డిస్కును టీ కప్పు పెట్టే బల్ల మీద ఉంచకూడదు.